ఆటను శిక్షగా మార్చిందెవరు?

హోంవర్క్ చేయకపోతే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. ఆలస్యంగా వస్తే యాభై గుంజీళ్లు. క్లాసులో మాట్లాడితే ఇవాళ్టి గేమ్స్ పీరియడ్ కట్. మన బడుల్లో ఏళ్ల తరబడి సాగుతున్న తంతు ఇది. పరుగును శిక్ష చేసిన పెద్దలే ‘ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు, ఎప్పుడు చూసినా ఫోనే’ అని నిష్ఠూరాలాడుతున్నారు. తప్పు పిల్లలది కాదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 11-17 ఏళ్ల వారిలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి అది దక్కడం లేదని ఆ సంస్థ పరిశోధకులు 2019లో తేల్చారు. స్థలం కరవు, చదువుల ఒత్తిడి నిజమే. కానీ గ్రౌండున్న బడిలోనూ గోడవారన కూర్చునే పిల్లలున్నారు. ఎందుకు కూర్చున్నారో అడిగే నాథుడు లేడు.

ఖోఖో జట్లు కట్టేటప్పుడు ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటారు. చివరికి మిగిలేది ఆ లావుపాటి పిల్లాడే. ‘వీణ్ణి మీరే తీసుకోండి’ అని రెండు జట్లూ వాదులాడుకుంటుంటే పీఈటీ సారు నవ్వుతూ చూస్తుంటారు. మర్నాటి నుంచి గేమ్స్ పీరియడ్ అనగానే వాడికి కడుపునొప్పి. నటన కాదు, నిజంగానే నొప్పి. ‘నావల్ల అవుతుంది’ అన్న నమ్మకముంటేనే మనిషి పనిలోకి దిగుతాడని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే వివరించారు. చిన్నదైనా ఒక గెలుపు, తనలాంటివాడు చేయగా చూడటం, పెద్దల ప్రోత్సాహం, బెదురులేని ఒళ్లు- ఆ నమ్మకం వీటిలోంచే పుడుతుంది. వీటిలో ఒక్కటీ ఆ పిల్లాడికి మనం మిగల్చలేదు.

ఆడపిల్లల పరిస్థితి మరీ అన్యాయం. ఆరో తరగతి దాటిందో లేదో, ‘పెద్దదానివయ్యావు, ఆ గెంతులేమిటి’ అని ఇంట్లో కసురుతారు. చున్నీ సర్దుకుంటూ పరుగెత్తలేక, చూసేవాళ్ల కళ్లకు జడిసి తొక్కుడు బిళ్ల కూడా మానేస్తారు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. గుంజీళ్లు మొదటి కోవలోకి, లావును వెక్కిరించడం రెండో కోవలోకి రావా? ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అదే చట్టం షెడ్యూలు చెబుతుంటే, అపార్ట్‌మెంట్లలో బడులకు అనుమతులు ఎలా వచ్చాయి?

పరుగును, గుంజీళ్లను శిక్షగా వాడరాదని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ స్పష్టంగా ఉత్తర్వులివ్వాలి. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మాస్టారుకు ధారాదత్తం చేసే హెడ్మాస్టర్లను సంజాయిషీ అడగాలి. జట్లు చీటీలు తీసి కట్టాలి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఈ ఉత్తర్వు ప్రతి స్టాఫ్‌రూమ్ గోడ మీదా ఉండాలి.