ఖాళీ గడి సున్న కాదు

ఆసుపత్రుల సేవానాణ్యతను అంకెలతో తూచి, వానికి శ్రేణులు కట్టి, ప్రథమ ద్వితీయ స్థానములు ప్రకటించు పద్ధతి మన దేశమున నానాటికి బలపడుచున్నది. ఈ ప్రయత్నమును మేము స్వాగతింతుము. కాని ఆ కొలతకు ఆధారమైన సమాచారము సంపూర్ణమో కాదో ముందుగా పరీక్షింపక ప్రకటించు శ్రేణి, రోగిని తప్పుదారి పట్టించుటయే యగునని మా నిశ్చితాభిప్రాయము.

2020వ సంవత్సరమున దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. తక్కినవారు విషజ్వరముచే మరణించిరో, గుండెపోటుచే మరణించిరో, ప్రసవవేదనలో ప్రాణములు విడిచిరో చెప్పగల వైద్యధ్రువీకరణ లేదు. ఉన్న పత్రములలోను 'గుండె ఆగినది' అని వ్రాసి చేతులు దులుపుకొనునవి గలవు; అట్టి మరణరీతిని గాక, దానికి మూలమైన వ్యాధిని వ్రాయవలెనని ఆ పత్రముననే సూచన యున్నది.

2008లో ప్రారంభమైన కేంద్ర ఆరోగ్య సమాచార వ్యవస్థకు ఆరోగ్య ఉపకేంద్రములు మొదలుకొని నెలనెలా నివేదికలు పంపవలసియున్నది. అందు మాతృమరణముల గడి ఖాళీగా నున్నచో, ఆ నెల తల్లి యెవరును మరణింపలేదని యర్థమా, మరణించినను వ్రాయలేదని యర్థమా? ఆ ఖాళీని సున్నగా నెంచి కూడిననాడు, ప్రతి మరణమును నిజాయితీగా నమోదు చేసిన ఆసుపత్రి అధమస్థానమునకు దిగును. వ్రాయుట మానినది ఉత్తమమై వెలుగును. అంతకంటె శోచనీయమైన దొకటి కలదు. ప్రాణాపాయస్థితిలోనున్న రోగిని చిన్న నర్సింగు హోము కడపటి గంటలో పెద్దాసుపత్రికి పంపివేయగా, ఆ మరణము పెద్దాసుపత్రి లెక్కలోనే పడును. ఆశ వదలుకొని బంధువులు ఇంటికి గొనిపోయిన రోగి మరణము ఏ ఆసుపత్రి లెక్కలోను పడదు.

కావున శ్రేణులు కట్టుటకు పూర్వము చేర్చుకొన్న రోగుల సంఖ్యను డిశ్చార్జి పత్రములతోను, వార్డు పుస్తకములోని మరణములను పురపాలక సంఘపు మరణ నమోదుతోను సరిచూడవలెను. వేరుచోటికి పంపిన రోగుల గతిని నెలదినముల వరకైనను విచారింపవలెను. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమునకు 2023లో జరిగిన సవరణ, ప్రభుత్వమైనను ప్రైవేటైనను ప్రతి ఆసుపత్రియు తనయందు సంభవించిన మరణమునకు కారణపత్రమును ఉచితముగా నీయవలెనని శాసించుచున్నందున, అధికారము లేదను సాకు చెల్లదు. ప్రతి నాణ్యతాంకము ప్రక్కనే అది ఎన్ని పాళ్ల సమాచారముపై నిలిచినదో ముద్రింపవలెనని, నమోదు పూర్తియైనదని తేలని ఆసుపత్రికి ప్రథమస్థానమే కాదు, ఏ స్థానమును ప్రకటింపరాదని కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములను కోరుచున్నాము.