ప్రాసిక్యూటర్లు లెక్క చెప్పవలె

2020 జూన్‌లో సాత్తాన్‌కుళం పోలీసుఠాణాలో చావుదెబ్బలు తిని, కోవిల్‌పట్టి సబ్‌జైలునకుఁ బంపఁబడి, అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో 22, 23 తేదులలో ఒకరివెంట నొకరు ప్రాణములు విడిచిన తండ్రీకొడుకుల యుదంతము ఆలంగుళము, విరుదునగరము ప్రాంతపు తెలుఁగువారు మఱవఁదగినది కాదు. మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనము తనంతఁ దాను జోక్యము చేసికొనఁబట్టి యా కేసున కొక దిక్కు దొరికినది. ఏ ధర్మాసనపు దృష్టికిని రాని హత్యాభియోగముల గతి యేమి? సాక్షి యేల యెదురుతిరిగెను, వాయిదా యేల పడెను, అప్పీలు వలదని యెవరు నిశ్చయించిరి అను సంగతులు ప్రాసిక్యూటరు కాగితపుకట్టలోనే యణఁగిపోవుచున్నవి.

నిందితులు విడుదలయైన ప్రతి కేసును పరిశీలించి కారణములు నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2014 జనవరిలో కిషన్‌భాయి కేసున రాష్ట్రముల నాదేశించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 20వ సెక్షను, పదేండ్ల ఖైదు మొదలు మరణదండనము వఱకు శిక్షార్హములగు కేసుల పర్యవేక్షణమును ప్రాసిక్యూషన్ డైరెక్టరున కొప్పగించినది. ఆ పర్యవేక్షణ ఫలితమును ప్రజలకుఁ జూపవలెనను నిబంధన మాత్ర మందు లేదు. ఇది పెద్ద లోపము. బాధితుల పేర్లు గోప్యముగా నుంచి, జిల్లాలవారీ నివేదికలను ఏఁటేఁటఁ బ్రకటించు పనిని తమిళనాఁడు ప్రభుత్వము విరుదునగరము, తూత్తుకుడి జిల్లాలతోనే యారంభింపవలెనని కోరుచున్నాము.