మాటల పతనము

ఇంగ్లీషు భాషయందలి పాతమాటలను ప్రోగుచేసి, వింతవస్తువులవలె వరుసగా నిలిపి, చదువరులను వినోదపెట్టు పుస్తకములు పెక్కు గలవు. "ఒకప్పుడు సిల్లీ యనగా ధన్యుడు, నైస్ అనగా మూఢుడు, ఎంత వింతయో చూచితిరా!" అని చెప్పి వీరు తమ పని ముగించుకొందురు. అర్థ మేల మాఱినదని యడిగినచో, మాటలు చెట్టుమీది యాకులవంటివనియు, కాలము వచ్చినప్పుడు పండి రాలుననియు సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానమును నేనొప్పను. రాలినవానిలో సేద్యగాని మాటలు, సేవకుని మాటలు, స్త్రీల మాటలు గుంపులుగా గలవు. ప్రభువుల మాటలు చిగిర్చినవి. గాలి యే దిక్కునుండి వీచినదో విచారింపవలదా?

'విలన్' అను మాట చలనచిత్రముల మూలమున మన పల్లెలకు గూడ తెలిసినదే. లాటినునందు 'విల్లా' యనగా పల్లెటి భవనము, దాని పొలము. ఆ పొలమును దున్నువాడు విలన్. ఇంగ్లండును జయించిన విలియము రాజు 1086లో భూములను లెక్కవ్రాయించిన డూమ్స్‌డే గ్రంథమున అన్ని తరగతులకంటె నెక్కువమంది వీరే. తరువాతి కాలమున భూమిని విడిచిపోవు హక్కు సైతము వీరికి లేకపోయెను. వీరు చేసిన పాపమేమి? దున్నిరి. ఆ దున్నినవాని పేరే దుర్మార్గునికి పేరయ్యెను. 'చర్ల్' మొదట బానిస కాని సామాన్యుడు, పిదప మోటువాడు. 'బూర్' సేద్యగాడు, పిదప మర్యాద యెఱుగనివాడు. ఈ సేద్యగాడే పొరుగువాడను నర్థముగల 'నైబర్' లో దాగి నింద తప్పించుకొనెను! ఇక 'లూడ్' అనగా మతాచార్యుడు కాని గృహస్థు, అటుపిమ్మట చదువు రానివాడు, తుదకు కాముకుడు. ఆ కాలమున కలము పట్టినవారు చాలవఱకు మతాచార్యులే యని జ్ఞాపకముంచుకొనుడు.

మఱి 'నోబుల్', 'జెంటిల్', 'జెనరస్' అనునవో? మూడును మొదట గొప్పవంశమున బుట్టినవాడని చెప్పునవే. నేడవి ఔన్నత్యమునకు, సౌమ్యతకు, దాతృత్వమునకు పేర్లు. 'నైట్' అన్నను 'నేవ్' అన్నను మొదట కుఱ్ఱవాడే, పనివాడే. అందొకడు రాజు వెంట కత్తిపట్టి వీరుడయ్యెను. ఒకడు సేవకుడుగనే యుండి మోసగాడయ్యెను. కాలమే కారణమైనచో నీ యిద్దఱిని రెండు దారుల నేల నడిపించెను? 'మార్షల్' గుఱ్ఱములను కాచువాడు గదా, అతడు సేనాపతి కాలేదా యని యడుగుదు రేమో. అయ్యెను. అవి రాజుగారి గుఱ్ఱములు.

స్త్రీల మాటల గతి మఱియు శోచనీయము. 'లార్డ్' అనగా రొట్టెను కాపాడువాడు, 'లేడీ' యనగా రొట్టెపిండి పిసుకునది. ఈమె చేతిపిండి కడుగుకొని దొరసాని యయ్యెను. కాని యింటిపనియే చేయు నిల్లాలి పేరు 'హౌస్‌వైఫ్' నాలుకపై నలిగి 'హస్సీ' యై, సిగ్గుమాలినదానికి పేరయ్యెను. స్త్రీ యను నొకే మూలమునుండి పుట్టిన రెండు మాటలు నేడు 'క్వీన్' అనియే పలుకబడును. ఒకటి రాణి, రెండవది వెలయాలు. 'గాసిప్' మొదట జ్ఞానస్నానమున బిడ్డకు పూచీపడిన ధర్మబంధువు. పిదప పురిటింట తోడుండు చెలికత్తె. పిదప ఆమె మాటలు. తుదకు పనికిమాలిన మాటలు. 'స్పిన్‌స్టర్' నూలు వడకునది. న్యాయవాదు లామాటను పెండ్లికాని స్త్రీకి గుర్తుగా వాడిరి. లోకము దానిని పరిహాసముగా వాడెను. ఇంగ్లండు, వేల్సులలో వివాహపు రిజిస్టర్లనుండి యా మాట 2005లో గాని తొలగలేదు. 'బ్యాచిలర్' కూడ అప్పుడే తొలగెను గాని, దానికి నిందయే యంటలేదు. విశ్వవిద్యాలయములు నేటికిని దానిని పట్టముగా నిచ్చుచున్నవి, స్త్రీలకు గూడ!

1604లో రాబర్ట్ కాడ్రీ యనునాయన యింగ్లీషు మాటలకు ఇంగ్లీషుననే యర్థములు చెప్పు మొదటి నిఘంటువును ప్రకటించెను. అందు రమారమి 2,500 కఠినపదములు గలవు. అది స్త్రీలకును, నేర్పులేని యితరులకును సహాయమునకై కూర్చబడినదని ముఖపత్రముననే వ్రాసియున్నది. లాటిను నేర్పు పాఠశాలలు మగపిల్లలవి. తలుపు మూసి, వెలుపల నిలిచినదానికి నేర్పులేదనుట యెంత సులభము!

అట్లయిన రైతును మఱల విలన్ అని పిలువుమందురా యని కొందఱు పరిహసింతురు. అక్కఱలేదు. వాడుక యిచ్చిన యర్థమే నేటి యర్థము; దానిని శాసనముచే వెనుకకు త్రిప్పలేము. కాని 1884 మొదలు 1928 వఱకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు, ప్రతి పదము నే సంవత్సరమున నెవ రేయర్థమున వాడిరో యుదాహరణములతో చూపినది. ఇంత సాక్ష్య ముండగా వింతమాటల సంగ్రహకర్తలు సాక్ష్యమును విడిచి వింతను మాత్రమే యేల యమ్ముచున్నారు?

మన యిండ్లలో నిట్టి మాట లేదా? భర్తను గోల్పోయిన స్త్రీని చెప్పు 'విధవ' శబ్దమే 'వెధవ' యై, అల్లరిచేయు మగపిల్లవానికి తిట్టుగా వినియోగపడుచున్నది. 'హస్సీ' కథ చదివి నవ్వు తండ్రియే ప్రక్కకు తిరిగి కుమారుని ఆ మాటతో గద్దించును. వంటయింట కూర్చున్న మేనత్త దానిని వినుచునే యుండును.