ఉస్మానియా కంటే ముందున్న ఆసుపత్రి



గత సంచికలో ఉస్మానియా ఆసుపత్రిపై వచ్చిన వ్యాసం వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన గుమ్మటాల దగ్గర మొదలై అక్కడే తిరిగింది. అంతకుముందు మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఒక్క వాక్యానికైనా నోచుకోలేదు.

ఆ ఆసుపత్రి పేరు లండన్ వైద్యుల నోళ్లలో నానిన రోజులున్నాయి. కారణం క్లోరోఫాం అనే మత్తుమందు. మత్తులో రోగి పోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఊపిరేనని అక్కడి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పట్టు. నాడి వదిలేసి శ్వాస చూడమనేవాడు. ఆరో నిజాం సొమ్ముతో 1888లో ఒకటి, 1889లో మరొకటి పరిశోధక సంఘాలు వేసి, కుక్కల మీదా కోతుల మీదా వందలకొద్దీ ప్రయోగాలు చేశారు. రెండోదానికి లాన్సెట్ పత్రిక లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను పంపింది. తీర్పు లారీ వైపే వచ్చింది. (నిలవలేదనుకోండి. తేలిక మత్తులోనూ గుండె హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు చూపించాడు.) మత్తు వైద్యంలో తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ పనిచేసిందీ ఇక్కడే.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఆ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లొచ్చి పాత భవనం ఖాళీ అయిన వైనాన్ని వ్యాసకర్త చక్కగా రాశారు. కొత్త ఆసుపత్రి గోషామహల్‌లో వస్తున్నప్పుడు ఆ చింతచెట్టు బాగోగులు ఎవరు చూస్తారో కూడా అధికారులను అడిగి ఉండాల్సింది.

– ఓ పాఠకుడు, హైదరాబాద్