‘ప్రయోగాత్మకం’ అంటారా? ఏం మార్చారో చెప్పండి

నాటక పరిషత్తుల నిర్వాహకులకు, సమాజాలకు, ప్రేక్షకులకు విజ్ఞప్తి



పోటీల ఆహ్వానపత్రికల్లో ‘ప్రయోగాత్మక నాటిక’ అన్న మాట ఎంత ధారాళమైపోయిందో మీకు తెలియనిది కాదు. రంగు లైట్లు తిప్పినా ప్రయోగమే, నటుడు ప్రేక్షకుల్లోంచి నడిచొచ్చినా ప్రయోగమే. కథ అర్థం కాలేదని ఎవరైనా అడిగితే ‘ప్రయోగం కదండీ, అలాగే ఉంటుంది’ అని జవాబు. దీనివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది నిజంగా కొత్తదారి తొక్కిన సమాజాలే.

నాట్యశాస్త్రంలో ప్రయోగమంటే ప్రదర్శనే. కొత్తగా చేసి చూడటం అన్న అర్థంలో ఇప్పుడు వాడుతున్నాం. తప్పులేదు. కానీ చేసి చూసినవాడు ఏం చేశాడో చెప్పాలి కదా!

గురజాడ చెప్పారు. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయినప్పుడు, వాడుకభాషలో ఎందుకు రాశారో పీఠికలోనే వివరించారు. జనానికి బాగా తెలుస్తుందన్నది ఒక కారణం. తెలుగు ప్రహసనానికి ఆ భాషే తగినదన్న నమ్మకం రెండోది. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకున్నారు, కాదన్నవాళ్లు వాదించారు. అక్కడితో ఆగకుండా, జనం మెచ్చిన ఆ నాటకాన్నే 1909 నాటికి దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. మనకింతకన్నా ఏ ప్రమాణం కావాలి?

సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987) సినిమాలో సంభాషణల్లేవు. ఏం తీసేశారో టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు.

అందుకే అడుగుతున్నాం. ‘ప్రయోగాత్మకం’ అని వేసుకునే సమాజం, దాని కిందే తాము మార్చిందేమిటో ఒక్క వాక్యంలో రాయాలి. కథను చివరినుంచి మొదలుకు నడిపారా? ఒకే నటుడితో అన్ని పాత్రలూ వేయించారా? ఏదైనా సరే, రాయండి. రాయడానికేమీ లేకపోతే ఆ మాట తీసేయండి. మంచి నాటికకు నాటిక అన్న పేరు చాలు. ‘ప్రయోగాత్మకం’ అని వేసుకున్న ప్రదర్శన తర్వాత పరిషత్తులు అరగంట ప్రేక్షకులతో చర్చ పెట్టాలి. ఆ మార్పు కథకు బలమిచ్చిందో లేదో న్యాయనిర్ణేతలు వేదిక మీదే చెప్పాలి. ఫలించని ప్రయత్నమైనా నిజాయితీగలదైతే, సరిదిద్దుకుని వచ్చే ఏడాది మళ్లీ ఆడే అవకాశమివ్వాలి.

ప్రేక్షకులారా! ఈసారి మీ ఊళ్లో పోటీలు జరిగినప్పుడు, నాటిక అయ్యాక దర్శకుణ్ణి కలవండి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని మర్యాదగా, గట్టిగా అడగండి.