ఆర్డర్ లేకుండా తొక్కిన సైకిల్

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్ట్. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు బ్రేక్‌లో చదవండి. తిట్టాలనుకునేవాళ్లు మొత్తం చదివాక తిట్టండి.

పోయిన ఆదివారం నార్తాంప్టన్ నుంచి మార్కెట్ హార్‌బరో దాకా సైకిల్ మీద పోయొచ్చి నాలుగు ఫోటోలు పెట్టా. మనోళ్లది ఒకటే మాట: "ఓవర్‌టైమ్ వదులుకొని సైకిల్ తొక్కుడేంది అన్నా? వచ్చింది అప్పు తీర్చడానికా, పికప్‌లు దిగడానికా?" ఇంకొకాయన "అవన్నీ తెల్లోళ్ల సరదాలు, మనకెందుకు" అన్నాడు. మా అమ్మదైతే ఇంకో బాధ. "గంత దూరం పోయి సైకిల్ తొక్కుతున్నవా బిడ్డా? కారు కొనలేదని ఎవ్వరికీ చెప్పకు." మా నాయిన ముప్పై ఏళ్లు సైకిల్‌కు పాల క్యాన్లు కట్టుకొని తిరిగినోడు. సైకిల్ దిగడానికే కదా మమ్మల్ని చదివించింది. అమ్మ మాటకు నా దగ్గర జవాబు లేదు. మిగతా ఇద్దరికీ ఉంది.

ముందు అప్పు సంగతి. నాకూ ఉంది, ఇంకా పదిహేను నెలలు కట్టాలి. నెలలో మూడు ఆదివారాలు పనిచేస్తా, ఒకటి వదులుతా. ఆ ఒక్కటి ఎందుకు వదులుతానో చెప్పాలంటే మా రూమ్‌లో ఉండిపోయిన ఒక తమ్ముడి గురించి చెప్పాలి. వీసా అయిపోయి వెనక్కి పోతున్నాడు. ముందురోజు రాత్రి సూట్‌కేసు తూకం వేస్తుంటే అడిగాడు: "అన్నా, ఇంగ్లండ్ ఎట్లుంటదని ఊర్ల అడిగితే ఏం చెప్పాలె?" నవ్వులాటకు అన్నాడనుకున్నా. కాదు, నిజంగానే అడిగాడు. రెండున్నరేళ్లలో వాడికి తెలిసింది వేర్‌హౌస్‌లో ఏ వరుసలో ఏ సరుకుంటదో, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో, సూపర్ మార్కెట్లో పసుపు స్టిక్కర్లు ఎప్పుడు వేస్తారో. అంతే. లండన్ ఒక్కసారి చూశాడు, అది కూడా వేరే పని మీద పోయినప్పుడు. నేను ఏం చెప్పానో గుర్తులేదు. వాడు పోయిన వారానికి అరవై పౌండ్లు పెట్టి పాత సైకిల్ కొన్నా.

మనలో చాలామందికి ఇక్కడ సైకిల్ అంటే వీపు మీద పెద్ద సంచి, చేతిలో ఫోన్, వానలో రెండో అంతస్తు తలుపు. ఫుడ్ డెలివరీ చేసే ఒకబ్బాయిని రమ్మంటే "సైకిల్ ఎక్కితే చాలు, చెవిలో ఆర్డర్ మోగినట్టే ఉంటది, నన్నొదిలెయ్ అన్నా" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. పన్నెండు గంటలు నిలబడి కాళ్లు వాచినవాళ్లకూ, కేర్ హోమ్‌లో నైట్లు చేసొచ్చి పడుకునే అక్కలకూ సైకిల్ తొక్కమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ రూమ్‌లో ఫోన్ చూస్తూ పడుకునే సెలవు కూడా సెలవేనా అన్నది నా ప్రశ్న.

ఇక "తెల్లోళ్ల సరదా" అన్న మాట. ఈ దేశంలో సైకిల్ టూరింగ్ క్లబ్బు 1878లోనే పుట్టింది. ఇప్పుడు దాన్నే సైక్లింగ్ యూకే అంటున్నారు. మొదట్లో కాస్త ఉన్నోళ్ల వ్యవహారమే, ఒప్పుకుంటా. కానీ 1894లో బర్మింగ్‌హామ్‌లో క్లారియన్ అనే సోషలిస్టు పత్రిక చదివేవాళ్లు కొందరు కలిసి సొంతంగా ఒక సైకిల్ క్లబ్బు పెట్టుకున్నారు. వారానికి దొరికే ఒక్క సెలవురోజు పొగ ఊళ్ల నుంచి బయటపడి పల్లెలు తిరిగారు, పోయిన చోటల్లా ఆ పత్రిక పంచారు. 1896లో హెచ్.జి. వెల్స్ 'ది వీల్స్ ఆఫ్ చాన్స్' అని నవల రాస్తే అందులో హీరో లార్డు కాదు, బట్టల కొట్లో పనిచేసే కుర్రాడు. ఏడాదికోసారి దొరికిన పది రోజుల సెలవులో సైకిలెక్కి పల్లెదారిన పడతాడు. వెల్స్ కూడా చిన్నప్పుడు బట్టల కొట్లో పని నేర్చుకున్నవాడే. అంటే ఈ సరదా రంగును బట్టి రాలేదు. వారమంతా ఇంకొకడి గడియారానికి పనిచేసేవాళ్లే దీన్ని ఇంత పెద్దది చేశారు. మనం వాళ్ల వారసులం కాకపోతే ఇంకెవరు?

నేను పోయిన దారి పేరు బ్రాంప్టన్ వ్యాలీ వే. ఒకప్పుడు రైలు మార్గం. 1859లో మొదలై 1981లో మూతపడింది. పట్టాలు తీసేసి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ గుర్రాలకూ ఇచ్చారు. సుమారు 14 మైళ్లు, కార్లు లేవు. రైలు దారి కాబట్టి ఎత్తుపల్లాలు కూడా పెద్దగా లేవు. నీలం బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ, ఎర్ర గడిలో 6 అని ఉంటే అదే మన దారి. దారిలో రెండు సొరంగాలు వస్తాయి, ఒకటి దాదాపు మూడు వందల మీటర్లు, ఇంకొకటి నాలుగు వందల పైన. లోపల లైట్లుండవు, పైనుంచి నీళ్లు కారతాయి, మండు వేసవిలో కూడా వణుకు పుడతది. మంచి లైటు లేకపోతే దిగి నడవండి. నేను మొదటిసారి ఫోన్ టార్చి నోట్లో పట్టుకొని పోయా, మీరు ఆ పని చేయకండి.

మే నెలలో పోతే రెండు పక్కలా పసుపు పచ్చని చేలు. ఆవ చేను అనుకొని దిగి ఆకు నలిపి చూశా. దగ్గరి చుట్టమే, నూనె కోసం వేసే రేప్‌సీడ్. ఆగస్టు చివర ముళ్ల పొదల నిండా బ్లాక్‌బెర్రీలు, మనింట్లోకి కోసుకుంటే ఎవరూ ఏమనరు. సూపర్ మార్కెట్లో చిన్న డబ్బా కొనడానికి రెండుసార్లు ఆలోచించే పళ్లు అవి. దారి నుంచి కొంచెం పక్కకు ఎగువకు తొక్కితే బ్రిక్స్‌వర్త్. అక్కడి చర్చి వెయ్యేళ్లకు పైబడింది. అంతకన్నా పాత రోమన్ ఇటుకలు ఏరి తెచ్చి దాని కమానులు కట్టారు. ఇటుకబట్టీల పక్కన పెరిగినవాణ్ణి, పలచటి ఆ ఇటుకల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డా. చివర మార్కెట్ హార్‌బరోలో 1614లో కట్టిన బడి ఉంది, చెక్క స్తంభాల మీద. పైన పిల్లల చదువు, కింద వాన తడవకుండా సంత. ఆ నీడలోనే కూర్చొని పులిహోర తిన్నా.

కార్లు తిరిగే పల్లె రోడ్ల సంగతి వేరే. చూస్తే మన డొంకదారిలా సన్నగా, చల్లగా ఉంటాయి, కానీ వేరే బోర్డు లేకపోతే అక్కడ కూడా 60 మైళ్ల స్పీడు దాకా చట్టం ఒప్పుకుంటది. మలుపు అవతల ట్రాక్టరుందో వ్యానుందో పొదల వల్ల కనపడదు. అందుకే అంచుకు అతుక్కొని పోకండి, కనపడేట్టు తొక్కండి. 2022లో హైవే కోడ్ మార్చినప్పుడు ఇది స్పష్టంగా రాశారు. 30 మైళ్ల స్పీడు వరకు మనల్ని దాటే బండి కనీసం మీటరున్నర దూరం ఇవ్వాలి, స్పీడు పెరిగితే ఇంకా ఎక్కువ. పొలాల మధ్య దారుల్లో నీలం బాణం ఉంటే సైకిల్ పోవచ్చు, 1968 చట్టం ఇచ్చిన హక్కు అది. నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారివ్వాలి, అంతే. పసుపు బాణమైతే నడకకు మాత్రమే.

ఈ హక్కుల గురించి ఇంతగా రాయడానికి కారణం ఉంది. ఒక ఊళ్లో మ్యాపు చూసుకుంటుంటే ఒకాయన గేటు దగ్గరికి వచ్చి "దారి తప్పావా?" అని అడిగాడు. మాట మర్యాదగానే ఉంది, చూపు మాత్రం వేరే. ఇంకోసారి కారులోంచి ఎవడో ఏదో అరిచి పోయాడు. ఇవి జరగవని చెప్తే అబద్ధం. కుక్కల్ని తిప్పుతూ "మార్నింగ్" అన్నవాళ్లు వాళ్లకన్నా చాలా ఎక్కువ. పంక్చరైతే గ్యారేజీలోంచి పంపు తెచ్చిచ్చిన పెద్దావిడ కూడా ఉంది. గేటు దగ్గరాయనకు నేను "లేదు సార్, ఈ దారిలోనే పోతున్నా" అన్నా. మన వీసా కాగితాల మీద షరతులు బోలెడు ఉన్నాయి గానీ, ఊరి రోడ్డు మీద నిలబడొద్దని ఎక్కడా లేదు. అయినా మొదటిసారి ఇద్దరు కలిసి పోవడం మంచిది. చలికాలం నాలుగింటికే చీకటి పడతది. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండాల్సిందే. హెల్మెట్ చట్టం కాదు, కానీ పెట్టుకోండి, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్నారు.

అన్నట్టు, వెనక్కిపోయిన తమ్ముడికి సొరంగం వీడియో పంపా. "ఇది మన రూమ్‌కు ఎంత దూరం?" అని అడిగాడు. దారి మొదలయ్యేది సైకిల్ మీద అరగంట దూరంలో అని చెప్పా. చాలాసేపు టైపింగ్ అని చూపించింది, చివరికి ఏమీ రాలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ ఆఫ్ పడింది. ఎనిమిదిన్నరకు బయల్దేరతా. ఇంకో పాత సైకిల్ తెచ్చి పెట్టా, సీటు కొంచెం ఎత్తు, వెనక బ్రేకు బాగుచేయించా. పులిహోర ఇద్దరికి సరిపడా చేస్తా.