దళారి తక్కెడలో బిడ్డల చదువు

సోలాపురపు తెలుగువారిలో కొన్నేండ్లుగా ఒక వాడుక ప్రబలినది. బిడ్డ ఇంజనీరింగు పరీక్ష గట్టెక్కిన వారము దినములలోనే తండ్రి హైదరాబాదు బస్సెక్కును. అచ్చట కన్సల్టెన్సీ అను పేరుగల యొక దుకాణమునకు పోవును. గంటసేపటిలో దేశము నిర్ణయమగును, విశ్వవిద్యాలయము నిర్ణయమగును, అప్పిచ్చు బ్యాంకు సైతము నిర్ణయమగును. ఇంటికి వచ్చి "మావాని చదువు కుదిరినది" అని ఇరుగుపొరుగులకు మిఠాయి పంచును. ఏ శాఖలో చదువు? బోధించువారెవరు? ఆ చదువు ముగించినవారు నేడెచ్చట నున్నారు? అని ఎవరైన అడిగినచో, "అవన్నియు వారే చూచుకొందురు" అని బదులు. ఈ బదులు విని విని మాకు విసుగు పుట్టినది. కావున కొంచెము కటువుగానైనను వ్రాయక తప్పలేదు.

మనము వర్తకులము, నేతపనివారము. ఒక బేలు నూలు కొనవలసివచ్చినచో మన మెంత విచారణ చేయుదుము! నూలు నెంబరు చూతుము. చిలప విప్పి చూతుము. తడి యున్నదేమోనని చేతితో నొక్కి చూతుము. ఏ మిల్లు సరుకో అడుగుదుము. క్రిందటిసారి ఆ సరుకు నేసినవాని యింటికి పోయి, పోగు తెగినదా నిలిచినదా అని తెలిసికొందుము. దళారి మాట విందుము గాని దానినే ప్రమాణముగా గొనము. ఏలయన, అతనికి దస్తూరి ముట్టజెప్పువా డెవడో మనకు తెలియును. నూలు బేలు విషయమున నింత మెలకువ గలవారము, నలుబది లక్షల చదువు విషయమున కన్నులు మూసికొనుట యేమి వర్తకము?

"మావద్ద వారు ఒక్క పైసయైన తీసికొనలేదు, వారికేమి స్వార్థము?" అని కొందరు సోదరులు వాదించుచున్నారు. కొనువానివద్ద పైస తీసికొనని దళారి అమ్మువానివద్ద తీసికొనుచున్నాడని వర్తకుని బిడ్డకు వేరుగ చెప్పవలెనా? బ్రిటను, ఆస్ట్రేలియా, కెనడాలలోని విశ్వవిద్యాలయము లనేకములు, విద్యార్థిని చేర్చిన ఏజంటునకు ఆ విద్యార్థి చెల్లించు మొదటియేటి రుసుములో వందకింతయని ఇచ్చుచున్నవి. రుసుము హెచ్చినకొలది ఏజంటు పాలును హెచ్చును. అట్టివాడు తక్కువ రుసుము గల మంచి విద్యాలయమును మీకేల చూపును?

అమెరికా సంగతి మరియు విచిత్రము. ప్రభుత్వపు విద్యార్థి సహాయనిధితో సంబంధము గల కళాశాలలు, తలకింతయని కమీషనిచ్చి విద్యార్థులను చేర్చుకొనరాదని 1992లో ఆ దేశము చట్టము చేసికొన్నది. కాని ఆ చట్టముననే ఒక మినహాయింపు కలదు: పరదేశములలో నివసించుచు, ఆ సహాయమునకు అర్హులు గాని విదేశీ విద్యార్థుల విషయమున ఈ నిషేధము వర్తింపదు. అనగా, తమ బిడ్డలను దళారి బారినుండి వారు కాపాడుకొన్నారు. మన బిడ్డలను మనమే కాపాడుకొనవలెను. మనము చేయుచున్న దేమి? మనమే దళారి గుమ్మమునకు నడచిపోవుచున్నాము.

ఇంకొక మాట కలదు. అది మన గుండెకు దగ్గరిది. "వాడు మనవాడు, తెలుగువాడు, మోసము చేయునా?" అందురు. పరభాషా రాష్ట్రమున తరతరములుగా నివసించువారమగుటచేత తెలుగు మాట చెవిని బడిన మనకు ప్రాణము లేచివచ్చును. ఈ అభిమానము మన సంపద. కాని దానిని పెట్టుబడిగా చేసికొని వ్యాపారము సాగించువారున్నారని మరువరాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి జరిపినపుడు, అందు పేరు నమోదైన పదునైదువందల పైచిలుకు విద్యార్థులలో అత్యధికులు నాటి ఆంధ్రప్రదేశపు బిడ్డలే. కొందరి కాళ్లకు జాడతెలుపు రేడియో కట్లు బిగించిరి. దాని స్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. బిడ్డల కాలమును ధనమును తిరిగిరాలేదు.

అంతటితో మన కన్నులు తెరచుకొన్నవా? 2016లో న్యూజెర్సీలోను, 2019లో మిషిగనులోను అమెరికా ప్రభుత్వపు అధికారులే దళారులను పట్టుటకై ఉత్తుత్తి విశ్వవిద్యాలయములను పెట్టినట్లు బయటపడినది. మిషిగనులోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమున ఒక్క ఉపాధ్యాయుడు లేడు, ఒక్క తరగతి లేదు. అయినను వందలకొలది విద్యార్థులు రుసుము కట్టి చేరిరి. వారిలో తెలుగు బిడ్డలే ఎక్కువ. వారిని చేర్పించిన దళారులని ఎనమండుగురిపై అభియోగములు మోపబడినవి. ఆ ఎనిమిది పేర్లును తెలుగు పేర్లే. ఇక "మనవాడు" అను మాటను తూకపురాయిగా వాడవచ్చునా? చేరిన విద్యార్థులలో తెలిసి చేరినవారు కొందరుండవచ్చును. ఆ సంగతి తండ్రులకు తెలియకుండుట మరింత శోచనీయము.

"మేము అట్టి బోగసు చోటునకు పంపము, ర్యాంకు చూచియే పంపుదుము" అని మరికొందరు. మంచిది. కాని ఆ ర్యాంకు దేనికి? క్యూఎస్ మొదలగు జాబితాలలో పరిశోధనకును, కీర్తిని గూర్చి పండితులను అడిగి సేకరించిన అభిప్రాయములకును పెద్దపాలు. మొత్తము విద్యాలయమునకు వచ్చిన అంకె, మీ బిడ్డ చదువబోవు శాఖలో బోధన యెట్లున్నదో చెప్పదు. మిల్లు పేరు గొప్పదైనంతమాత్రమున అందలి ప్రతి బేలును గట్టిదగునా?

"అచ్చట ఉద్యోగపు వీసా సులువు" అనునది నాలుగవ వాదము. వీసా నియమము విశ్వవిద్యాలయపు సొత్తు కాదు. ఆ దేశపు ప్రభుత్వముది, రాత్రికి రాత్రి మారును. బ్రిటను 2024 జనవరినుండి బోధనాప్రధానమైన ఎం.ఎస్సీ. వంటి కోర్సుల విద్యార్థులు భార్యాబిడ్డలను తోడుకొని వచ్చుటను నిషేధించినది. అదే నెలలో కెనడా విద్యార్థి అనుమతులకు పరిమితి ప్రకటించినది. 2025 సెప్టెంబరున అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించెను. బిడ్డ చేరిననాటి నియమము బిడ్డ పట్టము పుచ్చుకొన్ననాటికి ఉండునని పూచీ యెవ్వరు పడుదురు? చేతనుండునది చదువు ఒక్కటే. ఆ చదువు గట్టిదైనచో ఇంటికి తిరిగివచ్చినను అన్నము పెట్టును. బోలుదైనచో ఎచ్చటను పెట్టదు.

వైద్యవిద్యకు పంపువారు మరింత జాగరూకులు కావలెను. 2021 నవంబరు నాటి జాతీయ వైద్య కమిషను నియమముల ప్రకారము, విదేశములో చదివినవాడు మనదేశమున వైద్యుడు కావలెనన్న, చదువు 54 నెలలకు తగ్గరాదు. బోధన ఇంగ్లీషున జరుగవలెను. అదే విద్యాలయమున 12 నెలల ఇంటర్న్‌షిప్పు చేసియుండవలెను. ఆ దేశమున వైద్యవృత్తి చేయుటకు అర్హత కలిగియుండవలెను. అటుపైన ఇచ్చటి అర్హతాపరీక్ష గట్టెక్కవలెను. 2024 జూను నాటి ఆ పరీక్షలో ఐదుగురిలో సుమారు నలుగురు తప్పిరి. ఈ నాలుగు నియమములను మీకు చదివి వినిపించిన ఏజంటు ఎవడైన కలడా?

ఇక లెక్క చూతము; లెక్క మన కులవిద్య. నలుబది లక్షల అప్పు, నూటికి సాలీనా 11 రూపాయల వడ్డీ అనుకొందము. వడ్డీయే ఏడాదికి 4,40,000. నెలకు 36,600 పైచిలుకు. అసలులో ఒక్క రూపాయియు తరుగదు. ఏడున్నర లక్షలు దాటిన అప్పునకు బ్యాంకులు సాధారణముగా ఆస్తి హామీ అడుగును. అనగా మగ్గముల షెడ్డో, తాత కట్టిన యిల్లో కాగితముమీదికి ఎక్కును. ఎన్నేండ్లు దుప్పట్లు, తువాళ్లు నేసిన ఆ యిల్లు నిలిచినది! బీడీలు చుట్టి బిడ్డను చదివించిన తల్లి చేతి కష్టము ఎంతటిది! దానిని దళారి గంటసేపటి మాటమీద తాకట్టు పెట్టుదుమా?

దళారులందరు దొంగలని మా మాట కాదు. దరఖాస్తులు నింపుట, వీసా కాగితములు కూర్చుట ఎరిగినవారు వారిలో కలరు. ఆ పని చేయించుకొని, తగిన కూలి ఇచ్చి, రసీదు పుచ్చుకొందము. ఎంపిక మాత్రము మనది. అతడు చూపిన ప్రతి విద్యాలయము విషయమున "దీనివలన నీకెంత ముట్టును?" అని మొగము మీదనే అడుగుదము. శాఖ పేరు, ఆచార్యుల పేర్లు, పూర్తి రుసుము, ఆ ఊరి ఇంటి అద్దె విద్యాలయపు వెబ్‌సైటులోనే చదివి వ్రాసికొందము. ప్రభుత్వ జాబితాలో పేరున్నంతమాత్రమున తృప్తిపడక, అచ్చట చదివి వచ్చినవారిని ఇద్దరినైన అడుగుదము.

ఒక ఉదాహరణము. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో అత్యధికములు బోధనారుసుము తీసికొనవు. బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రము మాత్రము 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలివారివద్ద ఆరునెలలకు 1,500 యూరోలు పుచ్చుకొనుచున్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమును 2024 నుండి కొత్తగా చేరు అట్టివారికి రుసుము పెట్టినది. ఏడాది జీవనమునకు 11,904 యూరోలు ముందుగ ఖాతాలో నిలువ చూపవలెనని 2024 సెప్టెంబరునుండి నియమము. ఇదంతయు ఆ దేశపు డాడ్ సంస్థ పుటలలోను, రాయబారి కార్యాలయపు పుటలలోను ఉచితముగా దొరకును. అయినను "జర్మనీ" అని చెప్పి హెచ్చు రుసుము గల ప్రైవేటు విద్యాలయమున చేర్చు ఏజంట్లున్నారు. ప్రభుత్వ విద్యాలయమువలన సాధారణముగా దస్తూరి రాదు గదా!

మన మహారాష్ట్ర ప్రభుత్వపు విదేశీ విద్యార్థివేతనము కూడ కలదు. పద్మశాలీలు చేరియున్న విశేష వెనుకబడిన వర్గమునకును అది వర్తించును. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వముల పథకములు ఆయా రాష్ట్రవాసులకే గాన హైదరాబాదులో వాటిని గూర్చి విని ఆశపడుట వ్యర్థము. మన హక్కు ఇచ్చటనే యున్నది, ఇచ్చటనే అడుగవలెను.

తుదకు సంఘమువారికి మా విన్నపము. ప్రతి ఆదివారము సంఘ మందిరమున ఒక బల్ల, ఒక చిట్టా పెట్టుడు. పరదేశమునకు పోయిన మన పేటల బిడ్డలలో ప్రతివాడును, ఏ విద్యాలయము, ఏ శాఖ, ఎంత రుసుము, ఎంత అప్పు, చదువు ఎట్లున్నది, పని దొరికినదా లేదా అని అందు వ్రాయవలెను. గెలిచినవారి పేర్లు మాత్రమే కాదు, దెబ్బతిన్నవారి అనుభవమును, పేరు లేకుండనైనను, అందు ఎక్కవలెను. ఒక యింట నష్టము జరిగిన పరువు పోవునని దాచుచున్నాము. దాచినందున ఆ యింటి పరువు నిలుచునేమో గాని, పొరుగింటివాడు మరుసటి యేడు అదే గోతిలో పడుచున్నాడు. ఇది పరువు కాదు, పాతకము.

మా మాట తప్పని తలచువారు లెక్కలతో వచ్చి వాదింతురుగాక. సంఘ మందిరపు తలుపు తెరచియే యున్నది. కాని రాబోవు ఆదివారము ఆ చిట్టా మొదటి పుట తెల్లగా నుండరాదు.